ఏళ్ల తర్వాత లుకేమియా తిరగబెడితే ఎలా పసిగట్టాలి

మందులు ఆపేసి రెండేళ్లో, నాలుగేళ్లో, ఇంకా ఎక్కువో గడిచిన పిల్లల అమ్మానాన్నల కోసం ఇది. మా అబ్బాయికి నాలుగో ఏట లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, వచ్చింది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఏఎల్ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) రకం, అందులో బి-సెల్, అంటే బి రకం తెల్లకణాల్లో మొదలయ్యేది. కీమో పూర్తయి, జుట్టు మొలిచి, అందరు పిల్లల్లాగే బడికి పోతూ ఉండగా పదకొండో ఏట తిరగబెట్టింది. రెండోసారి కూడా గట్టెక్కాడు, ఇప్పుడు నాకంటే పొడుగు. నేను చూసినవి, వార్డులో తోటి తల్లుల దగ్గర విన్నవి, డాక్టర్లను విసిగించి మరీ తెలుసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. ఇది మీ డాక్టరు దగ్గరికి త్వరగా వెళ్లడానికే తప్ప, వెళ్లకుండా ఉండటానికి కాదు.

చెకప్‌లు అవసరమే. కానీ జబ్బు చెకప్ తేదీ చూసుకుని రాదు. ఒక చెకప్‌కీ ఇంకో చెకప్‌కీ మధ్య వచ్చే మార్పును ముందుగా చూసేది ఇంట్లోవాళ్లే. మార్పు కనిపించిన రోజుకీ, సరైన పరీక్ష జరిగిన రోజుకీ మధ్య దూరం తగ్గించడమే మన చేతిలో ఉన్న పని.

అసలు ఎప్పుడు వస్తుంది

జబ్బు తిరగబెట్టడాన్ని డాక్టర్లు రిలాప్స్ అంటారు. ఎక్కువ రిలాప్స్‌లు ట్రీట్‌మెంట్ నడుస్తుండగానో, ఆపిన మొదటి రెండు మూడేళ్లలోనో వస్తాయి. అక్కడి నుంచి ఏటేటా అవకాశం తగ్గిపోతుంది. ఐదేళ్లు దాటాక చాలా అరుదు, అలాగని అసలు రాదని కాదు. మొదటిసారి జబ్బు బయటపడి 36 నెలలు దాటాక ఎముక మజ్జలో (ఎముకల లోపల రక్తకణాలు తయారయ్యే చోటు) తిరిగి వస్తే దాన్ని ఆలస్యపు రిలాప్స్ అంటారు. కొన్ని దేశాల డాక్టర్లు ఇంకోలా లెక్కిస్తారు: ట్రీట్‌మెంట్ పూర్తయిన ఆరు నెలల తర్వాత వస్తే ఆలస్యం అంటారు.

ఆలస్యంగా వచ్చిన రిలాప్స్ త్వరగా వచ్చినదానికంటే మందులకు బాగా లొంగుతుంది. ఇన్నేళ్లు బాగుండి ఇప్పుడు వచ్చిందంటే ఇక అంతా అయిపోయిందని చాలామంది అనుకుంటారు. నిజం దానికి తలకిందులు. అందుకే పసిగట్టడానికి ఇంత విలువ. 1948లో అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ మందుతో పిల్లల్లో రెమిషన్ (జబ్బు అణిగిపోవడం) తేగలమని చూపించినప్పుడు, ఆ రెమిషన్ కొన్ని నెలలకు మించి నిలవలేదు. ఏళ్ల తర్వాతి రిలాప్స్ గురించి మనం మాట్లాడుకునే స్థితి అప్పుడు లేదు.

ముందు ఫైలు సర్దండి

పిల్లవాడు బాగున్నప్పుడే చేయాల్సిన పని ఇది. ఒంట్లో బాగాలేనప్పుడు చేతులు ఆడవు, పాత కాగితాలు దొరకవు.

జబ్బు మొదట బయటపడిన తేదీ, బి-సెల్లా టి-సెల్లా (ఏ రకం తెల్లకణాల్లో మొదలైంది), క్రోమోజోముల రిపోర్ట్, ఫ్లో సైటోమెట్రీ రిపోర్ట్ (కణాల మీది గుర్తులను బట్టి అవి ఏ కణాలో చెప్పే పరీక్ష), మొదటిసారి వెన్ను నీటిలో జబ్బు కణాలు కనిపించాయా, మగపిల్లాడైతే వృషణాల్లో వాపు ఉందా, మెదడుకు రేడియేషన్ ఇచ్చారా, ఆఖరి మందు ఎప్పుడు వేశారు. ఇవన్నీ ఒక పేజీలో రాసి పెట్టుకోవాలి. క్రోమోజోముల రిపోర్ట్‌లో ఈటీవీ6-రన్ఎక్స్1 (ETV6-RUNX1) అనే జన్యు మార్పు ఉంటే డాక్టరుతో మాట్లాడండి. మంచి ఫలితాలుండే రకమే అది, కాకపోతే తిరగబెడితే తరచూ ఆలస్యంగానే తిరగబెడుతుంది.

రెండో కాగితం ఇంకా ముఖ్యం. మందులు ఆపాక చేసిన ప్రతి సిబిసిలోని (రక్తకణాలను లెక్కపెట్టే పరీక్ష) హిమోగ్లోబిన్, తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు), ప్లేట్‌లెట్లు తేదీలవారీగా ఒక పట్టికలో రాయండి. ల్యాబ్ రిపోర్ట్ మీద వేసే నార్మల్ గీత అందరిదీ. ఈ పట్టిక మీ పిల్లవాడిది. మా వాడి ప్లేట్‌లెట్లు ఎప్పుడూ మూడు లక్షల చుట్టూ ఉండేవి. ఒకసారి లక్షా అరవై వేలు వచ్చాయి. లక్షన్నర దాటింది కాబట్టి రిపోర్ట్‌లో నార్మల్ అనే ఉంది. పట్టికలో పెట్టి చూస్తే మాత్రం సగానికి పడిపోయినట్టు కనిపించింది. ఒక్క అంకె చూసి ఏదీ తేల్చలేం, మామూలు వైరల్ జ్వరానికి కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. వారం పది రోజులకు మళ్లీ చేయించి, అది పైకి వెళ్తోందా కిందికి వెళ్తోందా చూడమని అడగడానికి మాత్రం ఆ అంకె చాలు.

మజ్జలో వస్తే ఎలా కనిపిస్తుంది

రిలాప్స్‌లు ఎక్కువగా ఎముక మజ్జలోనే వస్తాయి. మజ్జలో జబ్బు కణాలు నిండేకొద్దీ మంచి కణాలు తయారయ్యే చోటు తగ్గిపోతుంది. ఎర్రకణాలు తగ్గితే పాలిపోవడం, మెట్లెక్కితే ఆయాసం. ప్లేట్‌లెట్లు తగ్గితే కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, ఆగని ముక్కురక్తం. పనికొచ్చే తెల్లకణాలు తగ్గితే పదేపదే జ్వరాలు, తగ్గని పుండ్లు. ఇవన్నీ ఒకేసారి రావాలని లేదు.

పాలిపోవడం రోజూ చూసే కళ్లకు తెలియదు. చాలా రోజుల తర్వాత ఇంటికొచ్చిన పెద్దమ్మో బాబాయో "వీడేంటి ఇలా తెల్లబడ్డాడు" అంటే కొట్టిపారేయకండి. కింది కనురెప్ప లోపలి భాగం, గోళ్లు, అరచేతి గీతలు పగటి వెలుతురులో చూడండి.

మచ్చల విషయంలో చోటు చూడాలి. ఆడే పిల్లల మోకాళ్ల కింద కమిలిన మచ్చలు ఎప్పుడూ ఉంటాయి. వీపు, పొట్ట, తొడల లోపలి భాగం, చెవుల వెనుక దెబ్బ తగలకుండా వచ్చే మచ్చలు వేరు. సూదిమొనంత ఎర్ర చుక్కలు గుంపుగా కనిపిస్తే ఒక గాజు గ్లాసు పక్క భాగాన్ని వాటి మీద నొక్కి చూడండి. గాజు కింద రంగు పోకుండా చుక్కలు అలాగే ఉంటే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి.

ఎముకల నొప్పి గురించి కాస్త ఎక్కువ రాస్తాను. చాలామంది మోసపోయేది ఇక్కడే. మా వాడు మొదట నడుము నొప్పి అన్నాడు. ఒక డాక్టరు ఎదిగే వయసు నొప్పులన్నారు. ఎదిగే నొప్పులు నిజంగానే ఉంటాయి, వాటికో తీరు ఉంటుంది: సాయంత్రమో రాత్రో వస్తాయి, రెండు కాళ్లలోనూ వస్తాయి, ఎక్కువగా పిక్కల్లో, తొడల్లో వస్తాయి, పొద్దున లేచేసరికి పోతాయి, పిల్లవాడు మళ్లీ పరుగెడతాడు. మా వాడి నొప్పి అలా లేదు. ఎముక లోపల అన్నాడు. నిద్రలోంచి లేపేది. పొద్దున కూడా ఉండేది. పారాసిటమాల్ వేస్తే తగ్గి, మందు దిగగానే మళ్లీ వచ్చేది. చివరికి ఆటకు పిలవడానికి వచ్చిన స్నేహితుడితో "ఇవాళ రానురా" అన్నాడు. నొప్పి ఎంత అని పిల్లల్ని అడిగితే సరైన జవాబు రాదు. ఏ పని మానేశారో చూస్తే తెలుస్తుంది.

అయితే ఒకప్పుడు ఏఎల్ఎల్‌కు మందులు వాడిన పిల్లల్లో తుంటి నొప్పి, మోకాలి నొప్పి రావడానికి ఇంకో కారణం ఉంది. ఎక్కువ రోజులు వాడిన స్టెరాయిడ్ల వల్ల ఎముకకు రక్తం అందక కొంత భాగం దెబ్బతింటుంది. పదేళ్లు దాటాక ట్రీట్‌మెంట్ తీసుకున్న పిల్లల్లో ఇది ఎక్కువ. దీనికి ఎమ్మారై తీయాలి. నొప్పి అనగానే రిలాప్స్ అని వణకనక్కర్లేదు, అలాగని ఊరుకోనూ కూడదు. రెంటికీ పరీక్ష కావాల్సిందే.

ఎడమ పక్కటెముకల కింద బరువుగా ఉందనడం, రెండు ముద్దలకే కడుపు నిండిపోయిందనడం ప్లీహం పెరిగినప్పుడు వినిపించే మాటలు. మెడ కింద చిన్న చిన్న గడ్డలు పిల్లలకు జలుబు చేసినా వస్తాయి. రెండు సెంటీమీటర్లు దాటినవి, గట్టిగా ఉన్నవి, నాలుగైదు వారాలైనా తగ్గనివి, కాలర్ ఎముక పైన వచ్చినవి చూపించాలి.

రక్తంలో కనిపించని చోట్లు

సిబిసి బాగుందని ఇంటికొచ్చేసిన తర్వాత కూడా జబ్బు ఇంకో చోట ఉండొచ్చు. కీమో మందులు అంత సులువుగా చేరని చోట్లు రెండు: మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు ఒకటి, మగపిల్లల్లో వృషణాలు ఇంకోటి.

వృషణంలో వచ్చే రిలాప్స్ నొప్పి పెట్టదు. ఒక పక్క పెద్దదవుతుంది, గట్టిపడుతుంది, అంతే. కొన్నిసార్లు రెండు పక్కలా. నొప్పి లేదు కాబట్టి పిల్లవాడు చెప్పడు. పదేళ్లు దాటితే సిగ్గుతో అసలు చెప్పడు. మా ఇంట్లో ఈ పని వాళ్ల నాన్నకు అప్పజెప్పాం. ఆయన పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "స్నానం చేసేటప్పుడు నెలకోసారి చేత్తో చూసుకో నాన్నా, రెండూ ఎప్పట్లా ఉన్నాయా, ఒకటి గట్టిగా రాయిలా ఉందా, తేడా ఉంటే నాకు చెప్పు, అమ్మకు చెప్పక్కర్లేదు" అన్నాడు. ఇలా ఒక్క మనిషికి చెబితే చాలు అని తెలిస్తే పిల్లలు చెబుతారు. యుక్తవయసులో వృషణాలు మామూలుగానే పెరుగుతాయి, ఒకటి కాస్త కిందికి ఉండటం కూడా మామూలే. చూడాల్సింది రెంటి మధ్యా కొత్తగా వచ్చిన తేడా, గట్టిదనం. ఫాలో-అప్‌కు వెళ్లినప్పుడు డాక్టరు ఇది చూడకుండా పంపిస్తుంటే అడగండి. అడగడానికి మొహమాటపడే చోటు కాదిది.

మెదడు వైపు వస్తే: పొద్దున లేవగానే తలనొప్పి, వికారం పెద్దగా లేకుండానే వాంతి, రోజులు గడిచేకొద్దీ ఎక్కువవడం. ఒక వస్తువు రెండుగా కనిపించడం. నవ్వితే మూతి ఒక పక్కకు పోవడం. గడ్డం మొద్దుబారినట్టు ఉండటం, ఇది వింతగా అనిపించినా డాక్టర్లు గట్టిగా పట్టించుకునే లక్షణం. ఎప్పుడూ లేనంత ఆకలి, కొద్ది వారాల్లో బరువు పెరగడం. ఈ చివరిది చూసి మనం సంతోషిస్తాం కూడా, ఇన్నాళ్లకు వంటికి పట్టిందని. స్టెరాయిడ్లేవీ వాడకుండా ఆకలి ఇలా పెరిగిందంటే తలనొప్పి ఉందేమో అడగండి. ఫిట్స్ వస్తే ఆలోచన అక్కర్లేదు, వెంటనే ఎమర్జెన్సీకి. చిన్నప్పుడు మెదడుకు రేడియేషన్ ఇచ్చిన పిల్లలకు ఇలాంటి లక్షణాలు వేరే కారణాల వల్ల కూడా రావచ్చు. అందుకని వాళ్లకు స్కాన్ ఎలాగూ తీయాలి.

కంట్లో రావడం అరుదు. కన్ను ఎర్రబడి చుక్కల మందుకు తగ్గకపోయినా, చూపు మసకబారినా, నల్లగుడ్డు ముందు తెల్లటి పొరలా కిందకు చేరినట్టు కనిపించినా కంటి డాక్టరుకు పాత జబ్బు సంగతి ముందే చెప్పాలి.

ఎంత తరచుగా చూడాలి

రోజూ వద్దు. రోజూ ఒళ్లు తడిమి చూసే తల్లిని చూస్తే పిల్లవాడు నొప్పి దాచడం నేర్చుకుంటాడు. సూదికి భయపడి, ఆసుపత్రికి భయపడి, ఎక్కువగా మన ముఖానికి భయపడి దాస్తారు. వార్డులో ఒక పాప రెండు వారాలు కుంటుతూ అమ్మ ముందు మాత్రం మామూలుగా నడిచిందట.

నేను పెట్టుకున్న పద్ధతి ఇది. నెలకోసారి ఒళ్లు చూడటం. పెద్ద పిల్లలైతే వాళ్లే చూసుకుని చెప్పడం. మిగతా రోజుల్లో వెతకను. ఏదైనా కొత్త మార్పు కనిపిస్తే తేదీ రాస్తాను. రెండు మూడు రోజుల్లో పోతే కొట్టేస్తాను. రెండు వారాలు నిలిచినా, అంతకు ముందే ఎక్కువైనా, ఇంకో లక్షణం వచ్చి తోడైనా ఫోన్ చేస్తాను. రాత్రిపూట లేపే ఎముక నొప్పికి మాత్రం వారం కూడా ఆగను.

ఆ రోజే వెళ్లాల్సినవి వేరు: నొక్కినా పోని ఎర్ర చుక్కలు, ఆగని రక్తం, బాగా పాలిపోయి జ్వరం, మూతి వంకర, చూపులో మార్పు, ఫిట్స్, వృషణంలో గట్టి వాపు, పడుకుంటే ఊపిరాడకపోవడం లేదా ముఖం, మెడ ఉబ్బడం. ఈ చివరిది ఛాతీలో గడ్డ వల్ల రావచ్చు. టి-సెల్ రకం ఉన్నవాళ్లు దీన్ని మరీ గుర్తుపెట్టుకోవాలి.

డాక్టరు దగ్గర ఏం చెప్పాలి

దగ్గర్లో ఉన్న డాక్టరుకు మీ పిల్లవాడి కథ తెలియదు. నాలుగేళ్లుగా బాగున్న పిల్లవాడు అందరిలాగే కనిపిస్తాడు. అందుకే నేను లోపలికి వెళ్లగానే మొదటి మాటే ఇలా చెప్పేదాన్ని: "వీడికి ఇంతకుముందు ఏఎల్ఎల్ వచ్చింది, ఫలానా సంవత్సరం మందులు ఆపాం, ఈ నొప్పి ఇన్ని రోజులుగా ఉంది, తిరగబెట్టలేదని తేల్చుకోవాలి." జ్వరం, దగ్గు అని మొదలుపెట్టి చివర్లో పాత జబ్బు చెబితే అప్పటికే చీటీ రాసేసి ఉంటారు.

ఆ చీటీలో స్టెరాయిడ్ ఉందేమో తప్పకుండా అడగండి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ లాంటివి కీళ్ల నొప్పికీ, దద్దుర్లకూ, తగ్గని జ్వరానికీ రాస్తుంటారు. ఇవే ఏఎల్ఎల్‌కు కూడా మందులు. పరీక్ష కాకముందే నోటిద్వారానో ఇంజెక్షన్‌గానో ఇస్తే జబ్బు కణాలు కొంతకాలం అణిగిపోయి నొప్పి తగ్గుతుంది, మజ్జ పరీక్షలో కూడా స్పష్టంగా దొరక్కపోవచ్చు. తీవ్రమైన ఆస్తమా లాంటి ప్రాణం మీదికొచ్చే అవసరం ఉంటే ఇవ్వాల్సిందే. అలాంటిది కానప్పుడు, ముందు సిబిసి, స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) చేసి, క్యాన్సర్ డాక్టరుతో ఒక్క మాట మాట్లాడి ఇవ్వమని అడగవచ్చు. ఏ మంచి డాక్టరూ దీనికి నొచ్చుకోరు.

పరీక్షలు, వాటి అర్థం

మొదటిది సిబిసి, దాంతో పాటు పెరిఫెరల్ స్మియర్. మెషిన్ ఇచ్చే అంకెలు మాత్రమే చాలవు. రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి పాథాలజిస్ట్ మైక్రోస్కోప్‌లో కళ్లతో చూడాలి. బ్లాస్ట్ కణాలు (పూర్తిగా ఎదగని లేత కణాలు, లుకేమియాలో పెరిగేవి ఇవే) ఉన్నాయా అని ప్రత్యేకంగా చూడమని చీటీ మీద రాయించుకోండి. వైరల్ జ్వరాల్లో ఆకారం మారిన లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) కనిపిస్తాయి, న్యూట్రోఫిల్స్ పడిపోతాయి. ఆ రిపోర్ట్ పట్టుకుని నెట్‌లో వెతకడం కంటే వారం ఆగి మళ్లీ చేయించడం మేలు.

సిబిసి పూర్తిగా మామూలుగా ఉన్నా లక్షణం తగ్గకపోతే అక్కడితో ఆగకూడదు. మజ్జలో రిలాప్స్ మొదలైన కొత్తలో రక్తం బాగానే ఉండొచ్చు. మెదడులోనో వృషణంలోనో మాత్రమే వచ్చినప్పుడైతే చాలావరకు బాగానే ఉంటుంది.

తేల్చేది మజ్జ పరీక్ష. నడుము వెనుక తుంటి ఎముక నుంచి తీస్తారు. పిల్లలకు మత్తు ఇచ్చి చేయించమనండి, అదే సమయంలో లంబార్ పంక్చర్ (వెన్ను నీరు తీసి చూసే పరీక్ష) కూడా చేసేస్తే ఒకే మత్తుతో పోతుంది. మజ్జలో 25 శాతం లేదా అంతకు మించి బ్లాస్ట్‌లుంటే మజ్జ రిలాప్స్ అంటారు. 5 శాతం లోపు మామూలు. మధ్యలో ఉంటే మిగతా పరీక్షలతో కలిపి చూస్తారు, కొన్నిసార్లు కొద్ది రోజులకు మళ్లీ తీస్తారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కీమో అయిపోయిన పిల్లల మజ్జ కోలుకుంటూ హెమటోగోన్స్ అనే లేత కణాలను ఎక్కువగా తయారుచేస్తుంది. మైక్రోస్కోప్‌లో ఇవి అచ్చం బ్లాస్ట్‌లలాగే ఉంటాయి, కానీ మంచి కణాలే. ఫ్లో సైటోమెట్రీ వీటిని విడదీస్తుంది. పాత ఫ్లో రిపోర్ట్ చేతిలో ఉంటే ల్యాబ్ వాళ్లు ఇప్పటి కణాలను మొదటి జబ్బు కణాలతో పోల్చి చూడగలరు. ఫైలు సర్దమని మొదట్లో గోల పెట్టింది ఇందుకే. ఫ్లోతో చేసే ఎమ్మార్డీ పరీక్ష (మిగిలిపోయిన కొద్దిపాటి జబ్బు కణాలను వెతికేది) పదివేల కణాల్లో ఒక్క జబ్బు కణం ఉన్నా పట్టగలదు. క్రోమోజోముల పరీక్షకు కూడా అదే సూదితో నమూనా తీయించండి. కొన్నిసార్లు వచ్చింది పాత లుకేమియా కాదు, పాత కీమో మందుల వల్ల పుట్టిన వేరే రకం. దానికి ట్రీట్‌మెంట్ కూడా వేరు.

వృషణంలో వాపుంటే అల్ట్రాసౌండ్ చేసి, అవసరమైతే చిన్న ముక్క తీసి చూస్తారు. అక్కడ ఒక్కచోటే కనిపించినా మజ్జ, వెన్ను నీరు కూడా చూడాలి. ట్రీట్‌మెంట్ కూడా ఒళ్లంతటికీ ఇస్తారు, ఎందుకంటే కంటికి కనిపించనంత తక్కువగా జబ్బు మజ్జలో కూడా ఉండొచ్చు.

రిలాప్స్ అని తేలితే

ఆ రోజు మూడే అడగండి: ఎక్కడెక్కడ ఉంది, ఎంతకాలానికి వచ్చింది, దాన్నిబట్టి ఏ రిస్క్ గ్రూపు. మొదటి నెల కీమో తర్వాత ఎమ్మార్డీ ఎలా ఉందో దాన్ని బట్టి మిగతా దారి నిర్ణయిస్తారు. కొందరికి కీమోతోనే సరిపోతుంది, కొందరికి మజ్జ మార్పిడి కావాలి. ఒంట్లోని రోగనిరోధక కణాలను జబ్బు కణాల మీదికి మళ్లించే బ్లినాటుమొమాబ్ లాంటి మందులున్నాయి. పిల్లల బి-సెల్ ఏఎల్ఎల్ కోసం మొదటి కార్-టి చికిత్సకు (రోగి టి-కణాలనే బయటికి తీసి, జబ్బు కణాలను పట్టేలా మార్చి తిరిగి ఎక్కించడం) అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. వీటికి జబ్బు కణం మీద సీడీ19, సీడీ22 లాంటి గుర్తులు (కణం పైన ఉండే ప్రొటీన్లు) ఉన్నాయో లేదో తెలియాలి, అది కూడా ఫ్లో రిపోర్ట్‌లోనే ఉంటుంది.

పిల్లవాడికి ఆ రోజే చెప్పండి. మా వాడు ముందు అడిగింది "మళ్లీ జుట్టు పోతుందా అమ్మా" అని. పోతుందని చెప్పాను.

ఏమీ తేలకపోతే

ఎక్కువసార్లు ఇలాగే జరుగుతుంది. పరీక్షలన్నీ బాగుంటాయి, నొప్పి ఏ బెణుకో అని తేలుతుంది. ఆ రిపోర్ట్‌ను కూడా పట్టికలో ఎక్కించండి. మందులు ఆపి ఐదేళ్లు దాటాక ఫాలో-అప్ సాధారణంగా ఏడాదికోసారి అవుతుంది. అప్పుడు చూసేవి ఎక్కువగా గుండె ఎకో, ఎముకల బలం, ఎదుగుదల, థైరాయిడ్ లాంటివి. పిల్లవాడు చదువుకో ఉద్యోగానికో వేరే చోటికి వెళ్తుంటే ఆ ఒక్క పేజీ, ఆ పట్టిక ఫొటో తీసి వాడి ఫోన్‌లో పెట్టండి. ఏ లక్షణానికి ఎవరికి ఫోన్ చేయాలో నంబరుతో సహా దాని మీదే రాసి ఉండాలి.